చివరి మాత్ర మీద కూడా పేరు, తేదీ ఉండాలి: విశాఖ మందుల కంపెనీల ప్యాకింగ్ విభాగాలకు బహిరంగ లేఖ

పరవాడ ఫార్మా సిటీలో, అచ్యుతాపురంలో, దువ్వాడ సెజ్‌లో మాత్రలు తయారుచేసే కంపెనీల ప్యాకేజింగ్ విభాగాల వారికి,

నమస్కారం.

నేను మహారాణిపేటలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. అంతకు ముందు కొన్నేళ్లు ఒక టాబ్లెట్ల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ హాల్లో పనిచేశాను. అప్పుడు మెషిన్ నుంచి షీట్లు బయటికి పంపేవాణ్ణి, ఇప్పుడు అవే షీట్లని కత్తెరతో కోసి జనానికి ఇస్తున్నాను. రెండు చోట్లా నిలబడి చూశాను కాబట్టి మీతో నేరుగా మాట్లాడాలనిపించింది.

అడిగేది ఒకటే. మీరు షీటు డిజైన్ చేసేటప్పుడు దాన్ని కోసిన తర్వాత ఎలా ఉంటుందో చూసి డిజైన్ చేయండి. పదిలో తొమ్మిది వాడేశాక మిగిలిన ఒక్క మాత్ర మీద కూడా మందు పేరు, దాని పవరు, గడువు తేదీ చదవడానికి వీలుగా ఉండాలి.

మీ ఆర్ట్‌వర్క్ కంప్యూటర్ మీద షీటు ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. కేజీహెచ్ ఆస్పత్రి చుట్టుపక్కల ఏ షాపులోనైనా ఓ పూట నిలబడి చూడండి, నిండు షీటు కొనేవాళ్లు ఎంతమందో తెలుస్తుంది. పాడేరు నుంచి, అరకు నుంచి, అటు శ్రీకాకుళం నుంచి పేషెంటుని తీసుకొచ్చినవాళ్లు బస్సు చార్జీ పక్కన పెట్టుకుని మిగిలిన డబ్బుతో మందులు కొంటారు. డాక్టరు గారు రోజుకి రెండు చొప్పున మూడు రోజులకి రాస్తే ఆరు మాత్రలు. ఐదు రోజులకి రాసినా "ముందు రెండు రోజులకి ఇవ్వండి బాబూ, తగ్గకపోతే మళ్లీ వస్తాం" అనేవాళ్లు చాలామంది. హార్బర్‌లో పనికి వెళ్లేవాళ్లు, ఆటో తోలేవాళ్లు ఒక్క నొప్పి బిళ్ల, ఒక్క గ్యాస్ బిళ్ల అడుగుతారు. షీటు మొత్తం తీసుకోమని బలవంతపెట్టడం అన్యాయం. ఈ కోత ఆగదు, ఆగకూడదు కూడా. మందుల షాపువాళ్లు నిండు షీటే కొనాలంటున్నారని వినియోగదారుల ఫిర్యాదులు రావడంతో, 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మందుల పరిశ్రమతో ఈ సంగతి మాట్లాడిందని పత్రికల్లో వచ్చింది. షీటుకి చిల్లుల గీతలు పెట్టి, ప్రతి ముక్క మీదా తేదీలు వేయొచ్చు కదా అన్న సూచన అప్పుడే చర్చకి వచ్చింది. అది చర్చగానే మిగిలిపోయింది. ఇవాళ నా షాపు అరలో ఉన్న షీట్లలో చాలావాటికి గడువు తేదీ ఒక్క అంచునే ఉంది.

షాపుల్లో మాకు ఒక అలవాటు ఉంది. తేదీ ఉన్న అంచుని వదిలేసి, రెండో వైపు నుంచి కోసుకుంటూ వస్తాం. ఆఖరి ముక్క దాకా తేదీ మా దగ్గరే ఉంటుంది, మాకు మంచిదే. కానీ ముందు కొనుక్కున్న ముగ్గురో నలుగురో తేదీ లేని మాత్రలు ఇంటికి తీసుకెళ్తారు. వాళ్లకి జ్వరం రెండో రోజే తగ్గిపోతుంది. మిగిలిన మాత్రలు పారేయరు. స్టీలు డబ్బాలోనో, మేకుకి తగిలించిన కవర్లోనో పడతాయి. ఏడాది తర్వాత మళ్లీ ఎవరికో ఒళ్లు వెచ్చబడితే ఆ డబ్బా తెరుస్తారు. అప్పుడు ఆ ముక్కని చూసి ఇది ఏమిటో, ఇంకా పనికొస్తుందో లేదో చెప్పగలిగేవాళ్లు ఆ ఇంట్లో ఉండరు. పట్టుకుని మా దగ్గరికి వస్తారు. "ఏటి బాబూ, ఇది బీపీదా, సుగర్‌దా?" అని అడుగుతారు. తెల్లగా, గుండ్రంగా, చిన్నగా ఉన్న మాత్ర. రేకు మీద బ్రాండు పేరులో సగం అక్షరాలు, కంపెనీ చిరునామాలో ఒక ముక్క. చదువుకున్న ఫార్మసిస్టుకే అంతుచిక్కదు. తెలియనప్పుడు వాడొద్దనే చెప్తాను. ఆ మాట విని, మాత్రలు తిరిగి కవర్లో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు వాటిని నిజంగా పారేస్తారని నేను అనుకోను.

పవరు సంగతి ఇంకా ఘోరం. ఆమ్లోడిపిన్ 2.5, 5, 10 మిల్లీగ్రాముల్లో వస్తుంది. గ్లిమిపిరైడ్ 1, 2 మిల్లీగ్రాముల్లో వస్తుంది. బ్రాండు కుటుంబం ఒకటే కనబడాలని అన్ని పవర్లకీ ఒకే నీలం రంగు, ఒకే అక్షరాలు పెట్టి, అంకె మాత్రం మూలన చిన్నగా వేస్తారు. సుగర్ మాత్ర ఒకటికి రెండింతలు పడితే పెద్దవయసు మనిషికి చెమటలు పట్టి, కళ్లు తిరిగి, తెల్లవారుజామున స్పృహ తప్పొచ్చు. అంకె పెద్దదిగా వేయడానికి, పవరుకో రంగు పెట్టడానికి కొత్త మెషిన్ అక్కర్లేదు. ఆర్ట్‌వర్క్ మీద సంతకం పెట్టేవాళ్లు పట్టుబడితే చాలు.

మీలో ఎవరికైనా ఇదంతా చిన్న విషయం అనిపిస్తే మెథోట్రెక్సేట్ గురించి ఒక్కసారి ఆలోచించండి. కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కీ వారానికి ఒక్కసారి వేసుకునే మందు అది. రోజూ వేసుకుంటే నోరు పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, మనిషి చనిపోయే ప్రమాదం ఉంది. యూరప్‌లో ఇలాంటి పొరపాట్లు పదే పదే జరుగుతున్నాయనే 2019లో అక్కడి మందుల సంస్థ, వారానికోసారి వాడే మెథోట్రెక్సేట్ మాత్రలు సీసాల్లో అమ్మకూడదని, బ్లిస్టర్లోనే, అంటే ఒక్కో మాత్ర ఒక్కో గుంటలో ఉండే షీటులోనే ఉండాలని, పెట్టె మీదా లోపలా హెచ్చరిక కనబడాలని తేల్చి చెప్పింది. అంటే ప్రాణాపాయాన్ని తప్పించే పనిని ప్యాకింగ్‌కి అప్పగించారు. మన దగ్గర ఈ మందునీ మిగతా మందుల్లాగే కోసి ఇస్తాం. నేను కాగితం కవరు మీద ఎర్ర పెన్నుతో "వారానికి ఒక్కసారే" అని రాసి, రోజు పేరు కూడా రాసి, చదివించి పంపిస్తాను. కవరు చిరిగిపోతే నా రాత దానితోనే పోతుంది. మాత్ర వెనక రేకు మీద "వారానికి ఒక్కసారి" అని తెలుగులో, ఇంగ్లీషులో అచ్చయి ఉంటే అది మాత్ర ఉన్నంతసేపూ ఉంటుంది. నాలుగు మాత్రలే ఉండే చిన్న షీటు, ఒక్కో మాత్ర పక్కన వారం సంఖ్య. నెలకి ఒక షీటు, కోయాల్సిన పనే లేదు. దీన్ని ఎవరో ఒకరు ముందుగా మొదలుపెట్టండి. ఆ పేరు విశాఖకే రావాలని నా ఆశ.

తేదీ ఒక్క అంచునే ఎందుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఈ లేఖ చదివే మామూలు జనానికి తెలియాలి, అప్పుడే ఇది మార్చగలిగిన పనో కాదో వాళ్లకీ అర్థమవుతుంది. బ్లిస్టర్ మెషిన్‌లో ఒక వైపు నుంచి పీవీసీ ఫిల్మ్ చుట్ట వస్తుంది. వేడి పలకల మధ్య మెత్తబడ్డాక దాన్ని అచ్చులో నొక్కితే మాత్ర కూర్చునే గుంటలు, అంటే పాకెట్లు ఏర్పడతాయి. మాత్రలు వాటిలో పడతాయి. పైనుంచి ఇంకో చుట్ట, ఇరవై పాతిక మైక్రాన్ల మందం ఉన్న అల్యూమినియం రేకు వచ్చి మూతలా పడుతుంది. వేడితో, ఒత్తిడితో రెండూ అతుక్కుంటాయి. ఆ రేకు మీద మందు పేరు, కంపెనీ పేరు, ఎర్ర గీత హెచ్చరిక అన్నీ ముందే వేరే ప్రెస్సులో అచ్చయి వచ్చేస్తాయి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ మాత్రం ఆ రోజు నడిచే బ్యాచ్‌ని బట్టి మారతాయి కాబట్టి అప్పటికప్పుడు మెషిన్ మీద వేయాలి. చాలా మెషిన్లలో దీనికి లోహపు అక్షరాల దిమ్మ ఒకటి ఉంటుంది. అది షీటు అంచున, మాత్రలు లేని ఖాళీ పట్టీ మీద గట్టిగా నొక్కుతుంది. పాకెట్ మీద నొక్కితే రేకు చిల్లు పడుతుంది, అందుకే అంచుకి వెళ్లింది. ఇదీ అసలు కారణం. మెషిన్‌కి అనువుగా ఉన్న చోట తేదీ పడింది, మనిషికి అవసరమైన చోట పడలేదు.

ఆ నొక్కులో చాలాసార్లు సిరా కూడా ఉండదు. రేకుని వెలుతురుకి అటూ ఇటూ వంచి చూస్తేనే అంకెలు కనబడతాయి. రెండు వైపులా రేకే ఉండే స్ట్రిప్ ప్యాక్ అయితే రోలర్ల గళ్లు ఆ అక్షరాల మీద నుంచే వెళ్తాయి. శుక్లాలున్న కళ్లతో వెండి రంగు మీద అలాంటి అక్షరాలు చదవమంటే ఎలా చదువుతారు? నా కౌంటర్‌లో భూతద్దం పెట్టుకున్నాను. అది నాకోసం.

దీనికి దారులు ఉన్నాయి. రేకు పాకెట్ల మీద అతుక్కోవడానికి ముందే దాని మీద తేదీ అచ్చు వేసే ఇంక్‌జెట్, లేజర్, థర్మల్ ప్రింటర్లు చాలాకాలంగా దొరుకుతున్నాయి. వాటితో ప్రతి పాకెట్ వెనకా తేదీ వేయొచ్చు, కెమెరాతో సరిచూడొచ్చు. పేరు కూడా రేకంతా గజిబిజిగా తిరిగొచ్చేలా కాకుండా, అచ్చు ఎక్కడ పడాలో చూపించే రిజిస్టర్ గుర్తు పెట్టి సరిగ్గా పాకెట్ మధ్యలో పడేలా చేయొచ్చు. ఖర్చవుతుంది. రిజిస్టర్ ప్రింటింగ్‌లో రేకు వృథా ఎక్కువ, మెషిన్ ఆపి సరిచూసుకోవాల్సి వస్తుంది, షిఫ్టు చివర లెక్కలో పెట్టెలు తగ్గుతాయి. ఆ టెన్షన్ నేనూ పడ్డాను. ఈ ఖర్చు ఇప్పుడే పెట్టలేమంటే, రేపటి నుంచే చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. ఉన్న దిమ్మనే రెండు అంచులా పెట్టండి, మధ్యలో రెండు వరసల పాకెట్ల నడుమ సన్నటి పట్టీ వదిలి అక్కడ కూడా వేయండి. ఐదేసి మాత్రలుండే రెండు వరసల షీటుని అడ్డంగా ఎక్కడ కోసినా ఆ నడుమ పట్టీ ముక్క వెంటే పోతుంది. ఆ అక్షరాల కింద మెరుపు లేని తెల్ల పూత సన్నగా వేసి, నల్ల సిరా వాడితే పెద్దవాళ్లు కళ్లజోడుతో చదువుకుంటారు.

క్యూఆర్ కోడ్ ఉంది కదా అని మీరు అనొచ్చు. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లకి బార్‌కోడ్ లేదా క్యూఆర్ తప్పనిసరి అయింది. అందులో మందు పేరు, బ్యాచ్, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్స్ నంబరు అన్నీ ఉంటాయి. నకిలీ మందుల్ని పట్టుకోవడానికి అది మంచి పని, దాన్ని స్వాగతిస్తున్నాను. కానీ షీటు మీద చోటు చాలకపోతే కోడ్‌ని బయటి పెట్టె మీద వేసుకోవచ్చని నిబంధనే ఒప్పుకుంది. పెట్టె మా అర దాటి జనం ఇంటికి వెళ్లదు. షీటు మీద వేసినా కత్తెర దాన్ని సగానికి కోస్తుంది. పైగా మాత్ర వేసుకునే ముసలమ్మ ఫోను పట్టుకుని స్కాన్ చేయదు. కంటితో చదివే అక్షరం ముందు, కోడ్ తర్వాత.

ఇప్పుడు తేమ గురించి. మన ఊరి గాలి సంగతి మీకు తెలుసు. మేడ మీద ఆరేసిన బట్టలు వానాకాలంలో రోజంతా ఆరవు. మాత్ర కూడా అదే గాలిలో ఉంటుంది. ఆస్పిరిన్‌కి తేమ తగిలితే విడిపోయి వెనిగర్ వాసన వస్తుంది. సోడియం వాల్‌ప్రోయేట్ తేమని లాగేసుకుని జిగురుగా అవుతుంది. మూర్ఛకి వాడే మందు అది, ఒక్క డోసు బలహీనపడినా ప్రమాదం. అమాక్సిసిలిన్‌తో కలిపి ఇచ్చే క్లావులనేట్ కూడా తేమకి నిలవదు. మీరు 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు పెట్టి పరీక్ష చేస్తారు. నిండు షీటు మీద చేస్తారు. కోసిన షీటు మీద ఎవరైనా చేస్తున్నారా? పాకెట్‌కీ పాకెట్‌కీ మధ్య అతుకు మరీ సన్నగా ఉంటే, రద్దీలో కత్తెర కాస్త పక్కకి పోయినా అతుకు తెగి, పక్క పాకెట్లోకి గాలి పోతుంది. పైకి ఏమీ కనబడదు. ఇంటికెళ్లాక నాలుగో రోజు మాత్ర మెత్తబడి, అంచులు రాలి ఉంటుంది. పాకెట్ల మధ్య కోత గీత ఒకటి అచ్చు వేయండి, దానికి రెండు వైపులా కనీసం మూడేసి మిల్లీమీటర్ల అతుకు వదలండి. ఒక వరస ఎక్కువ పట్టాలని అతుకు తగ్గించి షీటు కురచ చేసే పోటీ ఈ మధ్య ఎక్కువైంది. మందు ఖరీదుతో పోలిస్తే దానివల్ల మిగిలే రేకు ఖరీదు ఎంత?

అందరికీ ఆలు-ఆలు, అంటే రెండు వైపులా అల్యూమినియమే ఉండే షీటు, పెట్టమని నేను అడగడం లేదు. అల్యూమినియాన్ని వేడితో సాగదీయలేం, చల్లగా నొక్కాలి, నిలువు గోడలు రావు. అందుకే చిన్న మాత్రకి కూడా పెద్ద పాకెట్ కావాలి, షీటు అరచేయంత అవుతుంది. తేమకి తట్టుకోలేని మందుకి అది తప్పదు. తట్టుకునే మందుకి కూడా ఖరీదుగా కనబడాలని వాడటం వల్ల రేకు దండగ. ఆ షీట్లన్నీ చివరికి చేరేది కాపులుప్పాడ డంపింగ్ యార్డుకే. ప్లాస్టిక్‌తో అతికిన అల్యూమినియం కాబట్టి చెత్త ఏరుకునేవాళ్లు కూడా దాన్ని ముట్టుకోరు, కొనేవాడు ఉండడు. పీవీసీకి తేమని ఆపే పీవీడీసీ అనే ప్లాస్టిక్ పూత వేస్తే చాలా మందులకి సరిపోతుంది. మందుకి ఎంత కావాలో అంతే రక్షణ ఇవ్వండి.

తెరవడం గురించి రాయకుండా ఉండలేను. కీళ్లవాతం మందు ప్యాకెట్‌ని కీళ్లవాతం ఉన్న వేళ్లు తెరవలేకపోవడం నేను తరచూ చూస్తున్నాను. రేకు గట్టిగా, పాకెట్ లోతు తక్కువగా ఉంటే మాత్రని బయటికి నెట్టడానికి బొటనవేలికి పట్టు దొరకదు. చివరికి పళ్లతో చింపుతారు, కత్తితో పొడుస్తారు, మాత్ర రెండు ముక్కలవుతుంది. అమెరికాలో 1970లో వచ్చిన చట్టం కింద ప్యాకింగ్‌ని రెండు వైపుల నుంచి పరీక్షిస్తారు. మూడున్నర నుంచి నాలుగుంపావు ఏళ్ల పిల్లల చేతికి ఇచ్చి తెరవలేకపోతున్నారా అని చూస్తారు. 50 నుంచి 70 ఏళ్ల పెద్దవాళ్లకి ఇచ్చి తెరవగలుగుతున్నారా అని చూస్తారు. మొదట్లో పెద్దవాళ్ల పరీక్షని 45 ఏళ్ల లోపువాళ్లతోనే చేసేవారు. అది సరిపోదని 1995లో వయసు పెంచారు. మన దేశంలో మాత్రలకి అలాంటి పరీక్ష తప్పనిసరి కాదు. కానీ మీకు ఆ పరీక్షలు కొత్త కావు. ఇదే ప్రాంతం నుంచి అమెరికాకి వెళ్లే సీసాలకి పిల్లలు తిప్పలేని మూతలు బిగించి పంపిస్తారు. అదే మందు గాజువాకలో అమ్మేటప్పుడు పిల్లాడి సంగతి ఎవరూ అడగరు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి, చాక్లెట్లు, చూయింగ్ గమ్‌లు, దగ్గు బిళ్లలు ప్యాక్ చేసేవాళ్లకి కూడా ఈ లేఖలోనే ఒక విన్నపం. మన చిన్నప్పుడు పిప్పరమెంటు బిళ్లకి, నిమ్మతొనలకి రెండు చివరలా మెలిపెట్టిన కాగితం ఉండేది, లేదంటే సీసాలోంచి తీసి చేతిలో పెట్టేవారు. మందు బిళ్ల వేరుగా కనబడేది, పిల్లలకి తేడా తెలిసేది. ఇప్పుడు గమ్ బిళ్లలు అచ్చం మాత్రల్లాగే బ్లిస్టర్లో వస్తున్నాయి. బొటనవేలితో నెడితే రేకు చిరిగి తియ్యటి బిళ్ల బయటికి వస్తుందని మూడేళ్ల పిల్ల నేర్చుకుంటుంది. ఆ వేలు అమ్మమ్మ దిండు కింద ఉన్న బీపీ షీటు మీద ఆగుతుందా? తీపి పదార్థాలకి పాకెట్ల షీటు వాడకండి. మెలిపెట్టే కాగితం, దిండు ఆకారపు చిన్న కవరు మీకు ఎప్పటి నుంచో ఉన్నాయి, తేమకి ఆగే ఫిల్ములూ ఉన్నాయి. అవే వాడండి.

మందుల కంపెనీలు చూడాల్సిన వైపు కూడా ఉంది. గర్భిణులకి ఇచ్చే ఐరన్ మాత్ర ఎర్రగా, చాలాసార్లు నున్నటి పూతతో ఉంటుంది. 180 రోజులు వేసుకోవాలి. ఆ ఇంట్లోనే రెండు మూడేళ్ల పెద్దబిడ్డ తిరుగుతూ ఉంటాడు. పసివాళ్లు ఐరన్ మాత్రలు గుప్పెడు మింగితే కడుపులో రక్తస్రావం మొదలుకుని కాలేయం దెబ్బతినడం దాకా వెళ్తుంది, ప్రాణం పోవచ్చు. అమెరికాలో 1997లో, ఒక్కో మాత్రలో 30 మిల్లీగ్రాములు, అంతకు మించి ఇనుము ఉంటే ప్రతి మాత్రనీ విడి పాకెట్లోనే ప్యాక్ చేయాలని నిబంధన పెట్టారు. 2003లో కోర్టు దాన్ని కొట్టేసింది గానీ, అది అమల్లో ఉన్న కాలంలో ఐరన్ వల్ల పిల్లల మరణాలు బాగా తగ్గాయి. గుప్పెడు ఒకేసారి దొరకకుండా, ఒక్కొక్కటీ కష్టపడి తీయాల్సి రావడమే అక్కడ పనిచేసింది. ఐరన్ మాత్రల మీద రేకుకి ఒక కాగితం పొర అతికించి, ముందు పొర ఒలిచి తర్వాత నెట్టేలా చేయొచ్చు. పెద్దవాళ్లకి ఒలవడానికి మూల దగ్గర కాస్త అంచు వదిలితే చాలు.

ప్రతి పాకెట్ చుట్టూ చిల్లుల గీతలు పెట్టి ఒక్కొక్క మాత్రగా విడిపోయేలా చేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. నేను దానికి ఒప్పుకోను. విడిపోయిన ఒక్క పాకెట్‌కి నాలుగు వాడి మూలలుంటాయి. చూపు సరిగ్గా ఆనని పెద్దవాళ్లు దాన్ని అలాగే నోట్లో వేసుకుని మింగేసిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఎన్నో ఉన్నాయి. గొంతులో, పేగులో గుచ్చుకుని ఆపరేషన్ల దాకా వెళ్లాయి. జపాన్‌లో ఈ ప్రమాదాలు చూసే 1996 నుంచి గీతలు ఒక్క దిశలోనే పెడుతున్నారు, షీటు ఒక్కొక్క మాత్రగా విడిపోకుండా. మనం కూడా జతలుగానే విడిపోయేలా పెట్టాలి, మూలలు గుండ్రంగా చేయాలి. రోజుకి రెండు మాత్రలు వేసుకునేవాళ్లకి జత అంటే ఒక రోజు మందు. లెక్క కూడా కలిసొస్తుంది.

ఇవన్నీ మన దేశంలో అయ్యే పనులు కావని ఎవరూ అనకండి, ప్రభుత్వం ఇచ్చే మందుల్లో వీటికంటే మంచి డిజైన్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. గర్భం రాకుండా వాడే మాలా-ఎన్ మాత్రల షీటు చూడండి. 28 మాత్రలు, 21 తెల్లవి, ఏడు ఐరన్‌వి వేరే రంగులో. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు వెళ్లాలో బాణాలు. చదువు రాని ఆడవాళ్లు కూడా ఆ షీటు వాడుకోగలిగారు. కుష్టు వ్యాధికి 1995 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ ఉచితంగా ఇస్తున్న మందులు 28 రోజుల షీట్లలో వస్తాయి. నెలకోసారి ఆరోగ్య కార్యకర్త ఎదుట వేసుకునే డోసు విడిగా, రోజువారీవి విడిగా, పెద్దవాళ్లకీ పిల్లలకీ వేరు వేరు రంగులు. టీబీ మందుల్లో 99డాట్స్ అని ఒకటి వచ్చింది. షీటుకి కాగితం కవరు తొడిగి, మాత్ర బయటికి తీసినప్పుడే కనబడేలా ఫోన్ నంబరు దాచారు. ఆ నంబరుకి ఉచితంగా ఫోన్ చేస్తే ఆ రోజు మాత్ర తీశారని ఆస్పత్రికి తెలుస్తుంది. కాగితం ముక్కతో చేసిన పని అది. పేదవాళ్ల జబ్బులకి ఇంత బుర్ర పెట్టగలిగినవాళ్లం రోజూ కోట్లమంది వేసుకునే బీపీ, సుగర్ మాత్రలకి ఎందుకు పెట్టకూడదు? ఉదయానికి సూర్యుడి బొమ్మ, రాత్రికి చంద్రుడి బొమ్మ పాకెట్ వెనక వేస్తే భాషతో కూడా పనిలేదు. డాక్టరు ఒకరికి ఉదయం, ఇంకొకరికి రాత్రి రాస్తారు కదా అంటారా, రెండు బొమ్మలూ వేసి పక్కన ఖాళీ వదలండి, మేం పెన్నుతో టిక్ పెడతాం. ఆ ఖాళీలో పెన్ను సిరా నిలవాలి. వెండి రేకు మీద నిలవదు.

హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. షాపుల్లో నీళ్లు చేరి అట్టపెట్టెలన్నీ నాని ముద్దయ్యాయి. అప్పుడు షీటు మీద ఉన్న అక్షరాలే దిక్కయ్యాయి. పెట్టె మీద అంతా రాశాం కదా అనుకునేవాళ్లు ఆ రోజులు ఒకసారి తలచుకోవాలి.

నా విన్నపం ఇప్పుడు మీ బల్ల మీద పెట్టడానికి వీలుగా చెప్తాను. కొత్త షీటు డిజైన్ ఖరారు చేసే ముందు, నమూనాని కత్తెరతో రెండేసి మాత్రల ముక్కలుగా కోయండి. ప్రతి ముక్కనీ విడిగా చేతిలోకి తీసుకుని పేరు, పవరు, గడువు తేదీ చదవండి. చదవలేని ముక్క ఒక్కటున్నా ఆ ఆర్ట్‌వర్క్ వెనక్కి పంపండి. కోసిన ముక్కల్నే తేమ గదిలో పెట్టి చూడండి. అరవై దాటినవాళ్లని పిలిచి తెరవమనండి. మన ఆంధ్రా యూనివర్సిటీలో ఫార్మసీ కాలేజీ ఉంది, అక్కడి విద్యార్థులకి ఇలాంటి పరీక్షలు ప్రాజెక్టుగా ఇస్తే వాళ్లకి చదువూ అవుతుంది, మీకు ఫలితాలూ వస్తాయి. రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం వారు ఈ లేఖ చదివితే, ప్రభుత్వ ఆస్పత్రులకి మందులు కొనే టెండర్ల షరతుల్లో "ప్రతి పాకెట్ వెనకా పేరు, పవరు, గడువు తేదీ" అన్న ఒక్క వాక్యం చేర్చమని సంబంధిత శాఖకి సిఫారసు చేయాలని కోరుతున్నాను. సర్కారు కొనుగోలు పెద్దది. ఆ వాక్యం పడితే మెషిన్లకి ప్రింటర్లు వాటంతటవే వస్తాయి.

ఫైలేరియా నిర్మూలన కోసం ఎన్నో దేశాలకి డబ్ల్యూహెచ్‌ఓ ద్వారా ఉచితంగా వెళ్లే డీఈసీ మాత్రలు తయారయ్యేది మన పరవాడలోని ఎయిసాయ్ ప్లాంటులోనే. ప్రపంచానికి మందు పంపే ఊరు ఇది. మాత్ర తయారీలో మీరు చూపించే శ్రద్ధ నేను లోపల నుంచి చూశాను. దుమ్ము కణం పడకూడదని, ఒక్క మిల్లీగ్రాము తేడా రాకూడదని రాత్రంతా మేలుకునేవాళ్లు మీరు. ఆ శ్రద్ధలో కొంత రేకు మీదికి కూడా రావాలి.

మీలో ఎవరైనా వచ్చి కౌంటర్ ఇవతల నా పక్కన ఒక పూట నిలబడతానంటే సంతోషంగా చోటిస్తాను. సాయంత్రం ఓపీ అయ్యాక ఆరు నుంచి తొమ్మిది దాకా రద్దీ ఎక్కువ, అప్పుడు రండి. మీ కంపెనీ షీట్లు మీతోపాటు తెచ్చుకోండి, కత్తెర నా దగ్గర ఉంది.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు
మహారాణిపేట, విశాఖపట్నం